విలన్లకు మా ఇంటి వకాల్తా

కోట శ్రీనివాసరావుగారు పోయారని 2025 జూలైలో టీవీలో చెప్పిన రోజు రాత్రి మా ఇంట్లో ‘అహ నా పెళ్ళంట’ పెట్టుకున్నాం. తెలుగువాళ్లు హాస్యనటుడికి పెట్టే తద్దినం అంతే కదా. ఆయన సినిమా వేసుకుని పగలబడి నవ్వడం, మధ్యమధ్యలో ‘అయ్యో, మహానుభావుడు’ అనుకోవడం. 1987లో జంధ్యాలగారు ఆ సినిమా తీసినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. కోటగారు వేసిన పిసినారి లక్ష్మీపతి కోడిని తాడు కట్టి వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్తన్నం ముద్దలు మింగుతుంటే హాలు హాలంతా ఊగిపోయింది. ఇప్పుడూ ఊగుదామనే కూర్చున్నాం. అందరం ఊగాం, మావారు తప్ప.

మావారు బ్యాంకులో లోన్ల సెక్షన్లో తల నెరిసి రిటైరైన మనిషి. కళ్లజోడు సవరించుకుని, “ఇందులో నవ్వడానికేముందోయ్?” అన్నారు. “అప్పు లేదు, ఈఎంఐ లేదు, క్రెడిట్ కార్డు లేదు. ఒక్క కోడి, ఎన్ని పూటలు తిన్నా తరుగు లేదు. ఇలాంటివాడు మా బ్రాంచికి ఒక్కడంటే ఒక్కడు వచ్చుంటేనా...”

“వస్తే లోన్ తీసుకునేవాడా?”

“తీసుకోడు. అదే కదా ఆయన గొప్ప!”

“ఆ కోడి వాసన రాదూ?” అని మా అత్తయ్య మూలసందేహం లేవదీశారు. దానికి జవాబు జంధ్యాలగారి దగ్గర కూడా ఉండి ఉండదు.

అంతటితో ఆగితే మావారెందుకవుతారు? రాజేంద్రప్రసాద్ మామగారిని మించిన పిసినారిలా నటించి పిల్లని కొట్టేయడం ఘోరమైన మోసమట. కోట్ల ఆస్తి దాచిపెట్టి చిల్లిగవ్వ కూడా ఖర్చుపెట్టనివాడినని నమ్మించడాన్ని బ్యాంకు భాషలో తప్పుడు డిక్లరేషన్ అంటారట. సినిమా అయ్యేసరికి మా హాల్లో లక్ష్మీపతి నిర్దోషిగా విడుదలైపోయాడు.

అప్పట్నుంచీ మాకిదో ఆదివారం కాలక్షేపం అయిపోయింది. పాత సినిమా పెట్టడం, అందులో అందరూ తిట్టే మనిషికి మావారు వకాల్తా పుచ్చుకోవడం, అత్తయ్య తీర్పు చెప్పడం. మా అబ్బాయి కూడా ఉంటాడు కానీ వాడి వాంగ్మూలం చెల్లదు. వాడు ఏ సినిమా అయినా ఒకటింపావు స్పీడులో చూసే రకం. ఒకసారి ‘శంకరాభరణం’ అలాగే పెట్టాడు. శంకరశాస్త్రిగారు రైలు తప్పిపోతుందన్నట్టు రాగాలాపన ముగించి లేచిపోయారు. అత్తయ్య రిమోట్ లాక్కుని దిండు కింద పెట్టుకున్నారు.

వాదించడానికి మావారికి మహా ఇష్టమైన కేసు ‘మిస్సమ్మ’. ఎల్.వి.ప్రసాద్ గారు 1955లో తీసిన ఆ సినిమాని ఊరంతా ఎన్టీఆర్, సావిత్రిల కీచులాట కోసం చూస్తారు. ఈయన మాత్రం ఉద్యోగ ప్రకటన కోసం చూస్తారు. బడికి భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలని జమీందారు పేపర్లో వేయించాడు. ముక్కూమొహం తెలియని ఇద్దరు నిరుద్యోగులు మేం మొగుడూపెళ్లాలమని చేరిపోయారు. పాపం ఆ ఎస్వీరంగారావు దంపతులు ఇల్లిచ్చి, తిండి పెట్టి, కన్నపిల్లల్లా చూసుకుంటే వీళ్లు చేసింది రోజుకో కొత్త అబద్ధం. “ఆ ఊరు మొత్తం మీద బుద్ధిగా ఉద్యోగం చేసినవాడు నాగేశ్వరరావొక్కడే” అంటారు మావారు. డిటెక్టివ్‌నని చెప్పుకుంటూ భూతద్దం మనిషిలా తిరిగే ఆ కుర్రాణ్ణి చూసి మనం నవ్వుతాం గానీ, అతను చేసేది ఇప్పటి కంపెనీలు డబ్బిచ్చి చేయించుకునే వెరిఫికేషనే.

‘అతడు’ కూడా ఇదే ఖాతాలో పడింది. టీవీలో ‘అతడు’ రాని వారం ఉంటుందా? ఎప్పుడు పెట్టినా సగంలోనే దొరుకుతుంది కాబట్టి దాని టైటిల్స్ ఎలా ఉంటాయో తెలుగుదేశంలో చాలామందికి తెలియదని నా నమ్మకం. హత్యకేసులో పారిపోతున్నవాడొచ్చి, చిన్నప్పుడు ఇల్లు వదిలిన మీ మనవణ్ణంటే, నాజర్ అంతటి పెద్దమనిషి గుండెకు హత్తుకుని పప్పన్నం పెట్టేశాడు. 2005లో ఆధార్ లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఇప్పుడైతే ఓటీపీ దగ్గరే కథ కంచికి వెళ్లేది. మావారి మాట ఇది. త్రివిక్రమ్ గారికి ఈ విమర్శ అందకపోవడమే మంచిది.

మావారిని చూసి నవ్వుతానే గానీ, ‘బొమ్మరిల్లు’ దగ్గర నేనే పక్క ఫిరాయించాను. 2006లో అది వచ్చినప్పుడు మావాడికింకా నిక్కర్ల వయసు. తండ్రి చొక్కా దగ్గర్నుంచి ఉద్యోగం దాకా అన్నీ తనే ఎంచిపెట్టేస్తుంటే ఉక్కిరిబిక్కిరయ్యే సిద్ధార్థ్‌ని చూసి హాల్లో వెక్కివెక్కి ఏడ్చి, ఇంటికొచ్చి మావారితో ‘మనం ఇలా ఉండకూడదండీ’ అని ఒట్టు వేయించుకున్నాను కూడా. ఒట్టు నిలబెట్టుకున్నాం. మావాడి చొక్కాలు వాడే కొనుక్కుంటున్నాడు. అవి ఉతికి ఆరేసినప్పుడల్లా నాకు ఆ తండ్రి వేషం వేసిన ప్రకాష్‌రాజ్ మీద గౌరవం పెరుగుతోంది. మోకాళ్ల దగ్గర చిరుగుల కోసం ఎక్కువ డబ్బిచ్చి కొన్న ప్యాంటొకటి ఉంది. దాన్ని అత్తయ్య మంచి మనసుతో సూదీదారం తీసి కుట్టేసిన రోజున ఇంట్లో జరిగిన రభసకి ‘బొమ్మరిల్లు’ తీసిన భాస్కర్ గారైతే ఇంకో సినిమా తీసేవారు.

అందులో హీరోయిన్ హాసిని సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలేజీ టూరని తండ్రికి చెప్పి పరాయివాళ్లింట్లో మకాం పెట్టిన పిల్ల! అప్పుడు ఎంత ముద్దొచ్చిందో. ఇప్పుడు చూస్తే ఆ పిల్లని నమ్మి టూరుకి పంపిన తండ్రి మీద జాలేసింది. ఆ తండ్రి కూడా కోటగారే.

అత్తయ్యకు మాత్రం ఒకటే కేసు. ‘గుండమ్మ కథ’. 1962 నాటి సినిమా. ఎన్టీఆర్‌కి 100వది, ఏఎన్నార్‌కి 99వది. ఇద్దరు మహానటులూ ఉన్న సినిమాకి సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారంటేనే నిర్మాత చక్రపాణిగారికి న్యాయం ఎటుందో తెలుసని అత్తయ్య వాదన. నాకు పెళ్లయిన కొత్తలో ఈ సినిమా చూసి ‘ఆ సవతి కూతురి చేత ఎంత చాకిరీ చేయించిందే రాకాసి’ అని కళ్లొత్తుకున్న మనిషే. ఈమధ్య మళ్లీ పెడితే కాళ్లు బారజాపుకుని మొదలుపెట్టారు.

“మొగుడు పోయిన ఆడది. ఇంటినిండా ఆస్తి, పెళ్లికెదిగిన పిల్లలు. అడ్డమైనవాళ్లూ ఇంటి మీద కన్నేసి ఉంటారు. ఆ జమీందారుగారి కొడుకులిద్దరూ వేషాలు మార్చుకుని, పేర్లు మార్చుకుని ఇంట్లో దూరితే నోరు చేసుకోక హారతి పడుతుందా?”

“సవతి కూతురు లక్ష్మితో అంత గొడ్డుచాకిరీ చేయించడం న్యాయమా అత్తయ్యా?”

అత్తయ్య కాసేపు లక్ష్మి వేషంలో ఉన్న సావిత్రిని చూశారు. తర్వాత వంటింటి వైపు చూశారు. “తప్పే అనుకో. అయినా అంట్లు ఎవరో ఒకళ్లు తోమాలి కదమ్మాయ్” అన్నారు.

నిక్కరు వేసుకుని పిండి రుబ్బుతున్న ఎన్టీఆర్‌ని చూపించి, మీవాడు ఈ పని ఎప్పుడైనా చేశాడా అని అడిగాను. మావారు అప్పుడే ఏదో ఫోనొచ్చినట్టు లేచి బాల్కనీలోకి వెళ్లారు.

ఈ కేసు మా ఇంటి గడప దాటి గుంటూరు దాకా వెళ్లింది. మావాడికి సంబంధం చూడ్డానికి వెళ్లాం. అమ్మాయి ఇంజనీరు, చక్కని పిల్ల. మేం చదువూ జీతం అడగాల్సినవి అడిగాక, అత్తయ్య గొంతు సవరించుకుని, “గుండమ్మ కథ చూశావా అమ్మా? అందులో నువ్వెవరి పక్క?” అన్నారు. వాళ్లమ్మ చేతిలో కాఫీ కప్పు టకటకలాడింది. ఆ పిల్ల మాత్రం తొణక్కుండా, “ఇల్లు ఆవిడదే కదండీ. ఆవిడకి చెప్పకుండా ఎవరు ఏం చేసినా తప్పే” అంది. అత్తయ్య అక్కడికక్కడే పంచాంగం అడిగారు. కారెక్కాక నాకొక్కటే గుబులు. ఆ పిల్ల ఇల్లు ఆవిడది అన్నప్పుడు గుండమ్మని తలుచుకుందో, రేపటి తన ఇంటిని తలుచుకుందో!

మగపెళ్లివారి హోదా వస్తుందని తెలిశాక ‘మాయాబజార్’ కూడా మునుపటిలా చూడలేకపోతున్నాను. కె.వి.రెడ్డిగారు 1957లో పాండవుల్ని ఒక్క సీన్లోనూ చూపించకుండానే వాళ్ల ఇంటి పెళ్లి జరిపించేశారు. మహానుభావుడు. ఘటోత్కచుడే శశిరేఖగా మారాక సావిత్రి రంగారావు నడక నడిచే ఆ కాసేపటి కోసం ఎన్నిసార్లయినా చూస్తాను. కానీ లక్ష్మణకుమారుడి తల్లి స్థానంలో కూర్చుని ఎవరైనా ఆ సినిమా చూశారా? ముచ్చటపడి పెళ్లికి తరలివెళితే విడిదింట్లో మగపెళ్లివారిని కంబళి చుట్టేసింది, మంచం విసిరికొట్టింది. పీటల మీద పెళ్లికూతురు కాలు తొక్కింది. పాణిగ్రహణానికి చెయ్యి చాపితే రాకాసి చెయ్యి పట్టుకుంది. రేలంగి బిత్తరచూపులకి ఇన్నేళ్లూ విరగబడి నవ్విన నేనే మొన్న “అయ్యో, పిల్లాడు జడుసుకున్నాడు” అన్నానట. మావాడు ఇప్పటికీ ఆ మాట పట్టుకుని ఆటపట్టిస్తున్నాడు.

హాలుకెళ్లి చూసినవీ ఉన్నాయి. ‘బాహుబలి’ రెండు భాగాలూ కలిపి కుట్టి 2025 అక్టోబర్ ఆఖర్న వదిలితే అత్తయ్యతో సహా వెళ్లాం. కొన్ని పాటలు కోసేసినా సుమారు మూడుముప్పావు గంటల సినిమా. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశం దేశమంతా జుట్టు పీక్కుంది. ఇప్పుడా జవాబు ఒక్క టిక్కెట్టులోనే వచ్చేస్తే చప్పగా ఉంటుందేమో అనుకున్నాను. మా వరుసలో చప్పదనం లేకుండా మావారు చూసుకున్నారు. బిజ్జలదేవుడి కేసు పట్టుకున్నారు. “పెద్దకొడుకు. చెయ్యి ఒంకరని రాజ్యం తమ్ముడికిచ్చేశారు. సీనియారిటీ లెక్క ఉండక్కర్లేదా? మా యూనియన్ అయితే గేటు ముందు టెంటు వేసేది” అన్నారు గట్టిగానే. ముందు వరుసలో ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, “అంకుల్, స్టేట్ గవర్నమెంటా, సెంట్రలా?” అనడిగాడు. ఆ కుర్రాడికి మావారు సమోసా కొనిపెట్టారు.

కొత్త సినిమాల దగ్గరే మా వకీలుగారి ప్రాక్టీసు దెబ్బతింటోంది. ‘పుష్ప 2’ ఓటీటీలో చూశాం. ఎర్రచందనం దొంగ ఒకవైపు, వాణ్ణి పట్టుకోవాల్సిన పోలీసు ఒకవైపు. చట్టం ప్రకారం చూస్తే నల్లేరు మీద నడక లాంటి కేసు. కానీ మూడున్నర గంటలకు పైగా అన్నీ హీరోకే ఇచ్చేశారు. దొంగతనమూ ఆయనదే, దయా ఆయనదే, కన్నీళ్లూ ఆయనవే, ఇంటిపేరు కోసం బాధా ఆయనదే. ఆ పోలీసు షెకావత్‌ని మొదట్నుంచీ ఎంత నవ్వులపాలు చేశారంటే, న్యాయం ఆయనవైపు ఉన్నా పక్కన నిలబడాలంటే మనకే సిగ్గేస్తుంది. అల్లు అర్జున్ జాతర చేస్తుంటే నాకూ ఒళ్లు గగుర్పొడిచింది, కాదనను. అయితే సినిమా అయ్యాక మా హాల్లో పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. టీవీ కట్టేసి పడుకున్నాం. రెండో మనిషికి కూడా ఒక న్యాయం రాసినవాళ్ల సినిమాలే మళ్లీ మళ్లీ పెట్టుకుంటామని నాకనిపిస్తుంది. చక్రపాణిగారు గుండమ్మకీ, జంధ్యాలగారు లక్ష్మీపతికీ కూడా కాస్త చోటుంచారు. మనం వయసు పెరిగి వెళ్లేసరికి అక్కడ కూర్చోవచ్చు.

‘కోర్ట్’లో శివాజీ వేసిన మంగపతి దగ్గరా మావారికి చుక్కెదురే. పరువు పేరుతో ఒక కుర్రాణ్ణి జైల్లో తోయించే మనిషి. మావారు పాయింట్లు వెతుక్కుంటుండగానే అత్తయ్య తెర వైపు చూపుడువేలు పెట్టి “వీడికి తిండెలా అరుగుతుందే!” అని కేకేశారు. బెయిలు కూడా రాలేదు. ఒక్క మనిషి మీద ఇంత మంట పుట్టించిన శివాజీకి దండం పెట్టాలి.

ఇక కేసే లేకుండా చేసిన సినిమా ‘బలగం’. 2023లో వేణు తీసినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి, ఊరంతా చాపలేసుకుని కూర్చుని చూశారు. విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పేపర్లలో చదివాం. మొన్న మళ్లీ పెట్టుకున్నాం. ముసలాయన పోతాడు, కాకి పిండం ముట్టదు. అల్లుడు అలిగింది ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క విషయంలో. అల్లుడిదీ న్యాయమే, బావమరిదిదీ న్యాయమే, అప్పుల్లో మునిగి నిశ్చితార్థం గురించి బెంగపడే ప్రియదర్శిదీ న్యాయమే. ఆఖరికి కాకిదీ న్యాయమే. మావారు ఎవరి తరఫునా నోరెత్తలేదు. అబ్బాయి ఒకటింపావు స్పీడు మాట ఎత్తలేదు.

అత్తయ్య కళ్లు తుడుచుకుని, కొడుకుని దగ్గరకి పిలిచారు.

“ఒరేయ్, రేపు నేను పోయాక కాకి రాలేదని ఊళ్లో పరువు తీసుకోకండి. ఇప్పుడే చెబుతున్నా. గుత్తివంకాయ పెట్టండి. నూనె పైకి తేలాలి. మీ ఆవిడ చేసినట్టు ధనియాలు తక్కువేసి చేస్తే మాత్రం నేను రాను.”

మావారు లేచి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకున్నారు. “వంకాయలు నీలంవా, తెల్లవా?” అని అడిగారు.