నష్టపరిహారం పోగొట్టుకోవడం ఎలా?

నష్టమంటే ఏమిటో దివిసీమకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చెప్పే పోయింది. దాని మీద నాకు వేళాకోళం లేదు. నేను చెప్పేది ఆ తరువాతి కళ గురించి: గాలివానకు ఒకసారి పోగొట్టుకున్నవాడు కాగితం మీద రెండోసారి పోగొట్టుకోవడం. అందులో నాకు మంచి అనుభవం ఉంది.

ముందుగా మాటల్ని పట్టించుకోకండి. ఏది వచ్చినా ‘తుపాను డబ్బులు’ అనేయండి. ఎక్స్‌గ్రేషియా అంటే లాటిన్లో దయతో ఇచ్చేదని అర్థం. విపత్తులో ప్రాణం పోతే కుటుంబానికి ఇచ్చే 4 లక్షలు ఆ కోవలోవే. పోయిన మనిషి ఏం సంపాదించేవాడో అవి అడగవు. నష్టపరిహారం హక్కు. లారీ గుద్ది మనిషి పోతే ట్రైబ్యునల్ వయసూ ఆదాయమూ చూసి లెక్క కడుతుంది. ఈ తేడా తెలిస్తే మీరు రెండో గుమ్మం కూడా ఎక్కుతారు. ఎందుకొచ్చిన శ్రమ? మొదటి చెక్కు పట్టుకుని ఫొటో దిగి, దండం పెట్టి వచ్చేయండి.

ఇన్‌పుట్ సబ్సిడీ అంటే పంట ఖరీదేనని నమ్మండి. నిజానికది మళ్ళీ పంట వేసుకోవడానికి చేసే సాయం. కనీసం 33 శాతం పంట పోవాలి. 2022లో కేంద్రం ఖరారు చేసిన రేటు నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000. ఎకరానికి ఏడు వేలు కూడా కాదు.

బీమా మరో దారి. ఫసల్ బీమా నిబంధనల్లో, కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల దాకా రక్షణ ఉంది. తడిస్తే 72 గంటల్లో చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి డెల్టాలో చాలా వరి పనల మీదే ఉంది. అలాంటప్పుడు మూడు రోజులూ అరుగు మీద కూర్చుని ప్రభుత్వాన్ని తిట్టండి. నాలుగో రోజు ఫోను చేయండి.

గుడివాడ వైపు కౌలుదారులకు ప్రత్యేక సలహా: 2019 చట్టం ప్రకారం 11 నెలల కౌలు కార్డు ఉంటే సాయం సాగుచేసినవాడికి అందుతుంది. దానికి ఆసామి సంతకం కావాలి. అడిగితే ఆయన మొహం మాడ్చుకుంటాడు. అడక్కండి. మీ పైరు మునిగినందుకు ఆయన ఓదార్పు పొందుతాడు.

ఇక నా సలహా అక్షరాలా పాటించిన ఒక బోటు యజమాని గురించి. గిలకలదిండి హార్బరుకు సాయంత్రం రావలసిన ఐసు లారీ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. రెండు వీధుల అవతలే మరో ఐసు ఫ్యాక్టరీ ఉంది. “కొనకండి బాబాయ్, చేపల్ని కుళ్ళనివ్వండి, సాక్ష్యం బలంగా ఉంటుంది” అన్నాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను వేరేలా అంటుంది: నష్టం తగ్గించుకునే దారి ఉండీ వాడుకోలేదంటే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారట. రెండో చోట ఐసు కొని ఉంటే, పెరిగిన ధర లారీవాడి నెత్తిన పడేది. సరే, ఆ కంపుకు పెళ్ళిచూపులవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళారు కదా, చెడిన సంబంధానికి 10 లక్షలు కలపమన్నాను. ఒప్పందం నాడు ఇద్దరి ఊహలోనూ లేని దూరపు నష్టానికి పైసా రాదని అదే సెక్షను. అగ్రిమెంటులో మాత్రం ‘మాట తప్పితే కోటి’ అని నేనే రాయించాను. 74వ సెక్షను ఆ అంకెను పైహద్దు అంటుందే గానీ, కోర్టు ఇచ్చేది సబబనిపించినంతే. కోటిని చూసి నేనప్పటికే కమీషను మాట్లాడుకున్నాను.

ఇండెమ్నిటీ బాండంటే ‘నీకొచ్చే నష్టం నేను భరిస్తా’నని రాసివ్వడం. బావమరిది తెస్తే చదవకుండా సంతకం పెట్టండి. చుట్టరికం నిలుస్తుంది, పొలం సంగతి తరువాత.

బందరు కోర్టు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ఉంటాను, రండి. రూపాయి తీసుకోను. ప్రతిఫలం లేనిచోట కాంట్రాక్టు లేదు; కాబట్టి నా మాట విని మునిగినా 73వ సెక్షను కింద నా మీద దావా వేయలేరు.