పేరుకు వంతెన, తీరుకు గోదాము

రాజమండ్రివాళ్లకు వంతెనల గురించి చెప్పాలంటే కాస్త ధైర్యం కావాలి. 1900లో హేవ్‌లాక్, 1974లో రోడ్డు-రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన, 2015లో నాలుగోది. గోదారి గట్టున కూర్చుని వీటినే చూస్తూ పెరిగాం. అయినా సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు అయిదో రకం ఒకటుందన్నాడు.

"ఇనుమూ సిమెంటూ అక్కర్లేదు మావయ్యా. ఒక బ్లాక్‌చెయిన్‌లో సొమ్ము ఇంకో బ్లాక్‌చెయిన్‌కి ఇట్టే దాటిపోతుంది."

"నిజంగా దాటుతుందా?"

"అంటే... చాలావాటిలో దాటదు. ఈ ఒడ్డున తాళం వేసి ఉంచుతారు. ఆ ఒడ్డున సమానమైన టోకెన్ ఇస్తారు."

దాన్ని మా వైపు వంతెన అనరు నాయనా, గోదాము అంటారు. ధాన్యం లోపల, చీటీ మన జేబులో. బస్తాలున్నంత సేపే చీటీకి విలువ. బస్తాలు పోయాక మామూలు చీటీలోనైతే పకోడీలన్నా పొట్లం కట్టుకోవచ్చు. ఈ టోకెన్‌కు ఆ యోగమూ లేదు.

సరే, తాళంచెవులు ఎవరి దగ్గర? రోనిన్ అనే వంతెనకు అప్పట్లో తొమ్మిది మంది కాపలా. అయిదుగురు ఊఁ అంటే తలుపు తెరుచుకునేది. 2022 మార్చిలో దొంగలు ఆ అయిదు చెవులూ చేజిక్కించుకుని 60 కోట్ల డాలర్లకు పైనే పట్టుకుపోయారు. ఆరు రోజులు ఎవరికీ తెలియలేదు. ఒక ఖాతాదారు తన డబ్బు తీసుకోబోతే రాకపోవడంతో బయటపడింది. కోనసీమ తోటలో నాలుగు కాయలు పోతే తెల్లారేసరికి ఊరంతా పంచాయితీ!

హార్మనీ వారిది మరీ ఉదారం. అయిదు చెవుల్లో రెండు సరిపోయేవి. 2022 జూన్‌లో 10 కోట్ల డాలర్లు హరీ. మల్టీచెయిన్ కథ ఇంకా కమ్మన. "ఇది అందరిదీ" అని ప్రచారం, తాళాలగుత్తి మాత్రం ఒక్కడి మొలతాడుకు. 2023లో ఆయన్ని చైనా పోలీసులు పట్టుకెళ్లారు, ఆ తర్వాత 12 కోట్ల డాలర్లకు పైనే బయటికి పోయింది.

నోమాడ్‌కు దొంగతెలివి కూడా అక్కర్లేకపోయింది. 2022లో కోడు మార్చేటప్పుడు చేసిన ఒక్క పొరపాటుతో ఏ చీటీ చూపించినా చెల్లింది. ఒకడు డబ్బు తీస్తే, మిగతావాళ్లు అదే లావాదేవీని నకలు చేసి సొంత చిరునామా పెట్టుకున్నారు. చేపల లారీ బోల్తా పడితే సంచులు పట్టుకుని పరుగెత్తినట్టు ఎగబడి 19 కోట్ల డాలర్లు ఊడ్చేశారు.

"అందుకే రిస్క్ మేనేజ్‌మెంట్ ఉంది మావయ్యా" అన్నాడు వాడు. అంతా ఒకే వంతెన మీద పెట్టకూడదట. ముందు కొంచెం పంపి చూడాలట. ఆడిట్ చదవాలట. ఆ ఒడ్డు టోకెన్ ఎక్కువ రోజులు ఉంచుకోకూడదట.

సలహాలు మంచివే. కానీ పది రూపాయలు దాటితే దారి ఉందని తెలుస్తుంది, కాపలా ఉందని తెలియదు. దొంగ పది రూపాయల కోసం రాడు, గోదాము నిండాక వస్తాడు. పైగా ఈ జాగ్రత్తలన్నీ ఎక్కినవాడికే. హౌరా మెయిలెక్కిన ముసలమ్మను "స్తంభాలు నువ్వే చూసుకో" అని ఏ ఇంజినీరూ అనలేదు.

"వార్మ్‌హోల్ వంతెనలో 1,20,000 ఈథర్ పోతే జంప్ క్రిప్టో అనే సంస్థ నింపింది కదా!"

అంటే ఆ వంతెనను నిలబెట్టింది కోడు కాదురా, డబ్బున్న మావయ్య. నేను అటువంటి మావయ్యను కాను.

వాణ్ని పుష్కరాల రేవుకు తీసుకెళ్లి హేవ్‌లాక్‌ను చూపించాను. దాదాపు వందేళ్లు బళ్లను మోసింది. కూలేదాకా ఆగకుండా 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. ఆపాల్సినవాళ్లు ఆపారు, ఎక్కేవాళ్లు కాదు. అది ఇప్పటికీ నిలబడే ఉంది.