ఆఖరి మూడు రోజులే!

మా పద్మానగర్ సందు మొదట్లో ఒక బట్టల దుకాణం ఉంది. "దుకాణం ఎత్తేస్తున్నాం, ఆఖరి మూడు రోజులే" అని బ్యానర్ కట్టి ఉంటుంది. ఆ మూడు రోజులు మొదలై తొమ్మిదేళ్ళయింది. ఎండకి అక్షరాలు వెలిసిపోయినప్పుడల్లా సేటు కొత్త బ్యానర్ కట్టిస్తాడు. కొనేవాళ్ళూ నవ్వుతారు, కొలిచేవాడూ నవ్వుతాడు. భివండీలో అది సేలు. లాస్ ఏంజెలస్‌లో దాన్నే ఫేర్‌వెల్ టూర్ అంటారు, అక్కడ మాత్రం కొనేవాళ్ళు ఏడుస్తారు.

మెగాడెత్ అనే రాక్ బ్యాండు పోస్టర్ పడ్డప్పట్నుంచి మా మేనల్లుడు అన్నం ముందు కూర్చుని గోడ చూస్తున్నాడు. "ఆఖరి ఆల్బమట మామా, ఆఖరి టూరట." ఆ బ్యాండు నడిపే డేవ్ మస్టేన్ చేతి బాధ అబద్ధమని నేననను. కానీ 2002లో కూడా చెయ్యి పడిపోయిందనే బ్యాండుకి మంగళం పాడాడు. 2004 కల్లా కొత్త ఆల్బంతో తిరిగొచ్చాడు. ఈ మాటంటే మావాడు నా వంక ఎలా చూశాడో చెప్పలేను. పెళ్ళింట్లో తుమ్మినవాడిని కూడా అలా చూడరు.

వీడే 2025 మే 17న గన్స్ అండ్ రోజెస్ బ్యాండు కచేరీ కోసం ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సుకి పోయాడు. "ఇంక మన దేశం రారు మామా" అన్నాడు. 2012లో వచ్చి వెళ్ళినప్పుడూ ఇదే మాట అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. అసలు వాళ్ళు పాత జట్టుతో మళ్ళీ కలిసి తిరిగిన టూర్ పేరే "నాట్ ఇన్ దిస్ లైఫ్‌టైమ్", అంటే ఈ జన్మలో జరగదని. జరిగింది, మూడేళ్ళకి పైగా ఊరూరా జరిగింది. మావాడు ఆ రాత్రి ఠాణేలో షేర్ ఆటో దొరక్క తెల్లవారుజామున ఇల్లు చేరి, చొక్కా కూడా విప్పకుండా పడుకున్నాడు.

మన భాగవతాల్లో మంగళం పాడాక దీపం కొండెక్కేది, జనం దుప్పట్లు దులుపుకునేవాళ్ళు. ఈ బ్యాండ్లవాళ్ళు కథ పక్కనపెట్టి మంగళానికే టికెట్ పెట్టారు. స్కార్పియన్స్ 2010లో సెలవన్నారు, ఇప్పటికీ పాడుతున్నారు. డీప్ పర్పుల్ 2017లో మొదలుపెట్టిన టూర్‌కి "లాంగ్ గుడ్‌బై" అని పేరు పెట్టారు, కనీసం నిజాయితీ ఉంది. ద హూ 1982లో ఒకసారి, 2025లో ఒకసారి వీడ్కోలు తీసుకున్నారు. కిస్ వాళ్ళు 2000లో మొదలైన వీడ్కోలు చాలక, 2023 డిసెంబరు 2న న్యూయార్కులో రెండో వీడ్కోలు ముగించి, అదే రాత్రి తమ కంప్యూటర్ బొమ్మల్ని తెరమీద చూపించారు. ఇక మనుషులతో కూడా పనిలేదు.

అన్నిట్లోకీ నా ప్రాణం తీసేది మోట్లీ క్రూ బ్యాండు రాసుకున్న కాగితం. 2014 జనవరిలో హాలీవుడ్‌లో పత్రికలవాళ్ళని పిలిచి, లాయర్ని పక్కన పెట్టుకుని, వేదికమీద సమాధి రాళ్ళు కూడా నిలబెట్టి నలుగురూ సంతకాలు చేశారు. 2015 దాటాక ఈ పేరుతో టూర్లు చెయ్యం, ఇది చట్టానికి కట్టుబడిన ఒప్పందం అన్నారు. రెవెన్యూ స్టాంపు అంటించి అప్పు రాసుకునే ఊరు మాది. కాగితం అంటే మాకు భయమూ భక్తీ. అక్కడి జనానికీ ఉన్నట్టుంది, నమ్మారు. 2015 డిసెంబరు 31 రాత్రి లాస్ ఏంజెలస్‌లో చివరి పాట అయిపోయింది.

2019 నవంబరులో ఆ కాగితాన్ని బాంబు పెట్టి పేల్చేస్తున్న వీడియో వదిలారు. రద్దు చేసుకోలేదు, కోర్టుకి పోలేదు, పేల్చారు. 2022లో స్టేడియాలు నిండాయి. అసలా ఒప్పందం ఎవరితో? తమతో తామే. అప్పిచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకడే అయిన నోటు అది, వడ్డీ మాత్రం అభిమాని కట్టాడు.

ఆ వీడియో చూసినప్పట్నుంచి నాకు కొత్త ఆలోచనలు వస్తున్నాయి. కరెంటు బిల్లు పేల్చవచ్చు. చిట్టీ పాట కాగితం పేల్చవచ్చు. మా బావమరిది ఇంటి అగ్రిమెంటు పేల్చి, పొగలో నిలబడి గిటారు వాయించవచ్చు. మా ఆవిడ మాత్రం ముందు గ్యాస్ సిలిండర్ దూరంగా పెట్టమంది.

మావాడి జీతం మాన్కోలి గోదాములో పెట్టెలు మోస్తే వచ్చేది. "ఆఖరిసారి" అన్న మాట వాడి మెడమీద పెట్టిన కత్తి. ఇప్పుడు కొనకపోతే చచ్చేదాకా బాధపడతావని బెదిరించి డబ్బు గుంజడం అది. ప్రేమించినవాణ్ణి బెదిరించడం సులువు. బేరమాడడు కదా.

వెళ్ళిపోవడమంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు. కామత్‌ఘర్‌లో మా నాన్నతోపాటు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాళ్ళు పన్నెండు గంటల షిఫ్టులో పక్కవాడితో సైగలతో మాట్లాడేవాళ్ళు. నూలు ఉండ చేసి చెవిలో దూర్చుకునేవాళ్ళు. మావాడు రేస్‌కోర్సుకి చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనుక్కుని పోయాడు. మా నాన్నకి నలభై ఏళ్ళలో ఒక్క సేటూ ఇవ్వలేదు. ఇప్పుడు కుడిచెవి వైపు నిలబడి అరిస్తే తప్ప ఆయనకి మనవడి పేరు కూడా వినపడదు. సాంచాల్ని పాత ఇనుము కొనే భంగార్‌వాడు తూకానికి ఎత్తుకుపోయిన రోజున వేదిక లేదు, లైట్లు లేవు, చేతిలో పెట్టడానికి ఒక కాగితం ముక్క లేదు. ఆయన దోస్తులు మూటలు కట్టుకుని కరీంనగర్ బస్సెక్కారు. "పోతున్న" అనడం మనకి అపశకునం, అందుకని "పోయొస్త" అన్నారు. ఎవరూ రాలేదు. ఆ స్టేడియం దొరలు "పోతున్నాం" అని డబ్బు పుచ్చుకుని మరీ వస్తారు.

గాయకుడు ఆజీ ఆస్బర్న్‌ని ఒక్కణ్ణి వదిలేస్తాను. ఆయనా 1992లో ఇక టూర్లు లేవని పేరు పెట్టి మరీ తిరిగి, 1995లో రిటైర్మెంటుని తిడుతూ మళ్ళీ బయల్దేరినవాడే. కానీ 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో లేవలేక సింహాసనంలో కూర్చుని పాడాడు. జులై 22న పోయాడు.

మిగతావాళ్ళకి ఒకటే షరతు: ఆఖరిదని టికెట్ అమ్మి మళ్ళీ వేదికెక్కితే, మొదటి టికెట్ డబ్బు వాపసివ్వాలి. ఈ ముక్క టికెట్ వెనక అచ్చు వెయ్యండి, ఎంతమందికి చేతి నొప్పులు తగ్గుతాయో చూద్దాం.

మావాడికి ఇదంతా చదివి వినిపిద్దామనుకున్నాను. ఇంట్లో లేడు. పోస్టర్ పడ్డప్పట్నుంచి రెండో షిఫ్టు కూడా చేస్తున్నాడు.