మాటకూ రికార్డు బుక్కే!

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం ‘ఫియట్ లక్స్’ చర్చా సెమినార్లు మొదలుపెట్టింది. ఒక్క యూనిట్ క్రెడిట్, గదిలో 20 మంది లోపే, పాసా కాదా అంతే. ర్యాంకుల గోల లేదు. అక్కడి కమ్యూనికేషన్ విభాగమూ కొత్త పిల్లలను ఇలాగే ప్రొఫెసర్ ఎదుట కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. కబుర్లకు క్రెడిటా! మన దగ్గరైతే గోడకుర్చీ. ఇంటర్ రెండేళ్లూ ‘సైలెన్స్’ అంటూ బల్ల గుద్ది నోరు నొక్కేసిన పిల్లలనే బీటెక్ మొదటి ఏడాది కమ్యూనికేషన్ ల్యాబ్‌కు తోలి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ‘నోట్లోంచి మాట రాదేం?’ అని విసుక్కుంటాం. వాళ్లేం చేస్తారు పాపం, సీనియర్ ల్యాబ్ రికార్డు తెచ్చుకుని చూసి రాసేస్తారు. తమ రికార్డు నిండితే చాలు, నోరు పెగలకపోయినా ఇంటర్నల్ మార్కులు పడిపోతాయి.