నోట్సన్న

కరీంనగర్‌లో చూడండి, జగిత్యాలలో చూడండి, గోదావరి దాటి మంచిర్యాల, ఆదిలాబాద్ వెళ్లి చూడండి. పోటీ పరీక్షల పిల్లలు కూర్చునే ప్రతి రీడింగ్ హాల్‌లోనూ ఒక నోట్సన్న ఉండి తీరుతాడు. అసలు పేరు హాల్‌టికెట్ మీద తప్ప ఎక్కడా కనబడదు. వయసెంతని మాత్రం అడగకండి. వయోపరిమితి పెంచుతారటగా అనండి, టీ తాగిస్తాడు.

గుర్తుపట్టడం తేలిక. ఫ్యాన్ కింద గోడవారగా ఉన్న కుర్చీ ఆయనది. ముందు ఒక పౌచ్, అందులో రకరకాల హైలైటర్లు. పసుపు తేదీలకు, గులాబీ పేర్లకు, పచ్చ జీవోలకు, నారింజ కమిటీలకు. నీలం దేనికో ఆయనకే తెలియదు, సెట్‌లో వచ్చింది కనుక వాడుతున్నాడు. తెలంగాణ ఉద్యమ చరిత్ర పుస్తకంలో ఇప్పుడు రంగు పడనిది ప్రెస్సు వాళ్ల చిరునామా ఒక్కటే.

పొద్దున చదివిందే మధ్యాహ్నం చదువుతాడు, మధ్యాహ్నం చదివిందే రాత్రి. "ఇదంత మనకు వచ్చినదేనే" అని తల ఊపుతాడు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపు ఆయనకు రానిది లేదు నిజానికి. పరీక్ష హాల్‌లోకి పుస్తకం రానివ్వకపోవడంతోనే చిక్కంతా. పరీక్ష అయ్యాక గేటు దగ్గర ఆయన మాటలు వినాలి.

"ముల్కీ ప్రశ్న చూసినవానే? అది నేను సదివిన! కుడిదిక్కు పేజీ, కిందికెళ్లి నాలుగో లైను, గులాబి రంగు."

"మరి ఏం పెట్టినవన్నా?"

"సి."

జవాబు ఎ. పేజీ గుర్తుంది, లైను గుర్తుంది, రంగు గుర్తుంది. పేపరు తయారుచేసినవాళ్లు ఆ మూడూ వదిలేసి నాలుగోది అడిగారు.

చరిత్ర కూడా ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు పాపం. 2014లో పది జిల్లాల పేర్లు నేర్చాడు. 2016 దసరాకు అవి 31 అయ్యాయి. ఒక్క ఆదిలాబాదే నాలుగైంది. 2019లో 33. జిల్లాలు పెరిగినప్పుడల్లా కొత్త మ్యాపు, కొత్త నోట్సు. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాస్తే రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది. 2024 జూన్‌లో ముచ్చటగా మూడోసారి. ఇన్నాళ్లలో ఎవరైనా చదివింది మరిచిపోతారు. మరుపు రాకుండా నోట్సన్న తన నోట్సును ఆరుసార్లు తిరగరాశాడు, ప్రతిసారీ ఇంకాస్త గుండ్రటి అక్షరాలతో.

ఆయనకు జ్ఞాపకశక్తి శాస్త్రం తెలియదనుకునేరు. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ అర్థంలేని అక్షరాల జట్లు తానే వల్లె వేసి, తానే మరిచిపోయి, ఎంత తొందరగా మరిచిపోతున్నాడో లెక్కకట్టి పుస్తకం వేశాడని తెలుసు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు చేసిన ప్రయోగమూ తెలుసు. ఒక గుంపు నాలుగు విడతలూ పాఠాన్ని చదువుతూనే గడిపింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన గుంపుదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61. తమకే బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మాత్రం ఆ నలభై శాతం వాళ్లే.

నోట్సన్న ఇదంతా యూట్యూబ్‌లో చూసి ముచ్చటపడ్డాడు. 'చదువు పద్ధతులు' అని ఒక కొత్త నోట్సు తెరిచి, 61 మీద పసుపు రంగు రుద్దాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఆ నోట్సు చదువుకుంటున్నాడు.

ఇంట్లో చెల్లె ఉంది, కానిస్టేబుల్‌కు చదువుతోంది. పగలంతా తల్లితో కూర్చుని బీడీలు చుట్టాలి. ఒళ్లో చాట, చేతిలో తునికాకు, ఇక పుస్తకం పట్టేదెట్లా? అందుకని పొద్దున చదివింది తల్లికి కథలాగా చెబుతుంది. ఆ తల్లి ఊకొట్టి ఊరుకునే రకం కాదు. "ఆ ఒప్పందం ఎవ్వలెవ్వలు చేసుకున్నరే? మరెందుకు తప్పిండ్రు?" అని గుచ్చిగుచ్చి అడుగుతుంది. రెండ్రోజులాగి "మొన్న ఢిల్లీ ముచ్చటేదో చెప్తివి, మల్ల చెప్పు" అంటుంది. చెల్లె తడబడితే దారం చుడుతున్న చెయ్యి ఆపి మరీ నిలదీస్తుంది.

ఒక రాత్రి అన్నం దగ్గర నోట్సన్న, పెద్దమనుషుల ఒప్పందం 1955లో జరిగిందన్నాడు.

"యాభై ఆరు గదరా బిడ్డా, ఫిబ్రవరి ఇరవై," అంది తల్లి పప్పు వడ్డిస్తూ. ఆమె బడి మొహం చూసింది లేదు.

నోట్సన్న ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి చూసి వచ్చాడు. "అవు, గదే ఉన్నది. నాకు తెలుసు," అన్నాడు.

రీడింగ్ హాల్‌లో పక్క కుర్చీ అతనిది ఉట్నూరు వైపు. పర్ధాన్ల పెద్దలు కిక్రి వాయిస్తూ గోండుల దేవతల కథలు గంటల తరబడి కాగితం లేకుండా పాడతారని, ఎక్కడ తప్పినా ముందు కూర్చున్నవాళ్లు పట్టేస్తారని అతను ఒకసారి చెప్పాడు. నోట్సన్న ఆశ్చర్యపోయి, "అట్లనా? రాసి పట్టుకరా, నోట్సు జేద్దాం" అన్నాడు.

ఇంతా చేసి ఆయన నోట్సు వృథా పోయిందనడానికి లేదు. గ్రంథాలయం ఎదుటి జిరాక్స్ సెంటర్లో దానికి మంచి గిరాకీ. జూనియర్లు కాపీ తీసుకుపోయి, కుడివైపు జవాబుల మీద అట్టముక్క పెట్టి ఒకర్నొకరు అడుగుతారు. చెప్పలేనివాడు ఆ పూట టీ డబ్బులు కట్టాలి. అట్లా టీ డబ్బులు కట్టీ కట్టీ గ్రూప్-4 కొట్టిన తమ్ముడొకడు మొన్న లడ్డూల డబ్బాతో వచ్చాడు.

"అన్నా, నీ నోట్సుతోనే కొట్టిన. గని అండ్ల ఒక్క తప్పున్నది. 610 జీవో 1986 అని రాసినవు. అది 1985, డిసెంబర్ ముప్పై. ఒకలకొకలం ప్రశ్నలు ఏసుకుంటాంటె బయటపడ్డది."

నోట్సన్న లడ్డూ నోటిదాకా తెచ్చి ఆపాడు.

"పచ్చరంగు ఏసి ఉన్నదా?"

"ఉన్నదన్నా."

"అయితే తప్పుండదే."