గజేల్ కారు పద్యానికి టీకా తాత్పర్యాలు

తే.గీ.
ముందు రేడియేటరు బొమ్మ, ముక్కు పొడవు;
వెనుక గాలి చల్లార్చెడు వింత గుండె;
నూనె మార్చుము మంచు రానున్న వేళ;
సేవ చేయుము గుండెకు, చెలువు విడిచి.

అవతారిక. ఈ తేటగీతి ఈ వ్యాఖ్య కోసమే కట్టింది కనుక కవికాలనిర్ణయమనే గొడవ లేదు. వస్తువు మాత్రం నిజమైనదే. 1970ల చివర్లో, 80లలో అమెరికాలో క్లాసిక్ మోటార్ క్యారేజెస్ అనే ఫ్లోరిడా కంపెనీ గజేల్ అనే కారును విడిభాగాలుగా అమ్మేది. కొన్నవాడు ఒక పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌ని తెచ్చి, పైనున్న ఒళ్ళంతా ఊడదీసి, మిగిలిన ఛాసిస్ మీద ఈ ఫైబర్ గ్లాస్ ఒళ్ళు బిగించుకునేవాడు. చూపులకు అది 1929 నాటి మెర్సిడెస్-బెంజ్ ఎస్ఎస్‌కె. ఏడు లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్‌తో నలభై లోపే తయారైన ఆ రేసుకారు ఎక్కడ, రెండు కోట్లకు పైగా తయారైన బీటిల్ ఎక్కడ అనిపిస్తుంది. కానీ రెండింటి రూపకల్పనలోనూ ఫెర్డినాండ్ పోర్షే చెయ్యి ఉంది. కాబట్టి గజేల్‌ది వర్ణసంకరం అనేవాళ్ళు కాస్త తగ్గాలి. అది ఒకే ఇంటి మేనరికం.

టీక. ముందు = బండి ఎదుటి భాగమందు; రేడియేటరు బొమ్మ = నీరు లేని, నీటి అవసరమే లేని రేడియేటరు ఆకారము; ముక్కు = బానెట్; పొడవు = మిక్కిలి నిడుపైనది, లోన పెట్రోలు ట్యాంకు, కాసింత సామాను తప్ప ఇంజన్ లేనిది అని భావము; వెనుక = సీటు వెనుక, డిక్కీ ఉండదగిన చోట; గాలి చల్లార్చెడు = ఫ్యాను విసురుగాలిచే చల్లబడునట్టి; వింత గుండె = నాలుగు సిలిండర్ల ఇంజన్; నూనె = ఇంజన్ ఆయిల్; చెలువు = క్రోము తళుకు. బానెట్ పక్కలనుంచి పాముల్లా బయటికి వచ్చే మెరుపు గొట్టాలను కవి వదిలేశాడు. వాటిలోంచి పొగ రాదు కనుక వదిలేయడమే ఔచిత్యం.

తాత్పర్యం. కిట్ కారు ఏ సంవత్సరం వేషం వేసుకున్నా, చలికాలంలో దాని బాగోగులు చూడాల్సింది అది ఎవరి ఛాసిస్ మీద కూర్చుందో ఆ కారు మాన్యువల్ ప్రకారమే. వేషాన్ని చూసి వైద్యం చేస్తే రోగం ఒకచోట, మందు ఒకచోట అవుతుంది. ఇక్కడ పూర్వపక్షి లేచి, మిన్నెసోటా వంటి చోట జనవరి రాత్రి సున్నాకు పది డిగ్రీలు కిందికి పోవడం మామూలే కాబట్టి రేడియేటరులో యాంటీఫ్రీజ్ పోయడమే మొదటి కర్తవ్యమంటాడు. పోయడానికి రేడియేటరు ఏది నాయనా? మొదటి పాదంలో ‘బొమ్మ’ అన్న మాట ఉన్నది ఈయన కోసమే. అయితే ముందువైపు ఫోర్డ్ ఇంజన్ పెట్టుకునే గజేళ్ళు కూడా వచ్చాయి కదా అంటే, నిజమే, వచ్చాయి. వాటికి రేడియేటరు నిజం, యాంటీఫ్రీజూ నిజం. అప్పుడు ఫోర్డ్ మాన్యువల్ తెరవాలి. ఆ మినహాయింపు కూడా మన సిద్ధాంతాన్నే బలపరుస్తోంది, ఎందుకంటే వేషం ఒకటే అయినా లోపలి కారు మారగానే చికిత్సా మారింది.

మూడో పాదం దగ్గర పాఠాంతరం ఉంది. కొందరు గ్యారేజీ పండితులు ‘నూనె మార్చుము మంచు కరిగిన వేళ’ అని చదువుతారు. నెలల తరబడి కదలని బండికి కొత్త నూనె దండగ, వసంతంలో తీసేముందు మారిస్తే చాలునని వాళ్ళ వాదం. ఈ పాఠంలో యతీ చెడుతుంది, బేరింగులూ చెడతాయి. వేసవంతా తిరిగిన నూనెలో పెట్రోలు మండగా పుట్టిన ఆమ్లాలూ తేమా చేరి ఉంటాయి. బండి తిరుగుతున్నప్పుడు ఆ వేడికి తేమ కొంత ఆవిరైపోతుంది. ఆగిపోయాక అదంతా లోహాన్ని పట్టుకుని నెలల తరబడి కూర్చుంటుంది. బీటిల్ ఇంజన్‌లో పట్టేదే రెండున్నర లీటర్లు, పైగా ఆయిల్ ఫిల్టరన్నదే లేదు, అడుగున తీగ జల్లెడ ఒకటి మాత్రం ఉంటుంది. ఆరు చిన్న నట్లు విప్పి, పళ్ళెం దించి, జల్లెడకు పట్టిన మడ్డిని పెట్రోలుతో కడిగి, రెండు వైపులా కొత్త గ్యాస్కెట్లు వేసి మళ్ళీ బిగించాలి. ఇక్కడ బలప్రదర్శన పనికిరాదు. ఆ నట్లకు ఐదు అడుగు-పౌండ్ల బిగింపు చాలు, మించితే స్టడ్డే ఊడి వస్తుంది. చేతులు వాచిపోయే చలిలో ఈ పని చేయడం కంటే అక్టోబరు ఎండలో చేయడం సుఖమన్నది ఇంకో హేతువు. శాస్త్రంలో దానికి చోటు లేకపోయినా లోకంలో ఉంది.

మరో ఆక్షేపం: వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే ఏ బాధా ఉండదు కదా? ఉంటుంది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. పది నిమిషాల్లో ఇంజన్, సైలెన్సరు దాన్ని తరిమేసేంత వేడెక్కవు. కాబట్టి ఆ ఆవిరి లోపలే నీరై దిగి, కొత్త నూనెను వారం వారం పాతదాన్ని చేస్తుంది. నిద్రపోయే బండిని పూర్తిగా నిద్రపోనివ్వాలి, లేదా లేపి అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి. ఉప్పు చల్లిన మంచు రోడ్ల మీద తిప్పడం ఎలాగూ కుదరదు, కనుక మొదటిదే మార్గం.

‘చెలువు విడిచి’ అన్నందుకు రసజ్ఞులు నొచ్చుకుంటారు. అసలు ఈ కారు కొన్నదే అందం కోసమైతే, దాన్నే విడవమనడం ఏం న్యాయం? కవి అందాన్ని తిట్టలేదు, అందానికి జబ్బు రాదని మాత్రమే అన్నాడు. ఫైబర్ గ్లాస్ తుప్పు పట్టదు. మార్చిలో ఒక మధ్యాహ్నం పాలిష్ పెడితే మెరుస్తుంది. తుప్పు పట్టేది దాని కింద కనబడకుండా ఉన్న బీటిల్ రేకు, అందులోనూ బ్యాటరీ కూర్చునే చోటు. పై ఒళ్ళు చెక్కుచెదరకపోవడమే ఇక్కడ మోసం, లోపలి రేకు చిల్లులు పడుతున్న సంగతి అది బయటికి పొక్కనివ్వదు.

ఇక ‘గుండె’ అన్నది ఉపలక్షణం. బ్యాటరీ, బ్రేకులు, పెట్రోలు కూడా అందులోకే వస్తాయి. పూర్తిగా చార్జయిన బ్యాటరీ మామూలుగా ఎదురయ్యే చలికి గడ్డకట్టదు. దిగిపోయినదైతే సున్నాకు కొద్ది డిగ్రీలు కిందికి పోగానే గడ్డకట్టి పగులుతుంది, కాబట్టి దాన్ని విప్పి ఇంట్లో చార్జర్‌కు పెట్టాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. అమెరికా పెట్రోలులో కలిసే ఇథనాల్‌కూ అదే గుణం. ‘గాలి చల్లార్చెడు’ అన్న విశేషణం ఊరికే వేసింది కాదు. గాలికి దారి ఉంటేనే ఈ గుండె బతుకుతుంది. ఆ దారిలో, ఫ్యాను చుట్టూ ఉన్న రేకుడొప్పలో, చలికాలం ఎలుకలు గూడు కడతాయి. 1971కి ముందు ఇంజన్లలో ఆయిల్ కూలర్ మూడో సిలిండరుకు వెళ్ళే గాలికి అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ సిలిండరు మామూలుగానే మిగతావాటికంటే వేడిగా నడుస్తుంది. ఆ పైన గుప్పెడు గడ్డి చేరితే మొదటి షికారే ఆఖరిది కావచ్చు.

కాబట్టి ఏప్రిల్‌లో తాళం తిప్పేముందు పాలిష్ గుడ్డ పక్కనపెట్టి, వెనక మూత ఎత్తి, టార్చి వేసి ఆ డొప్పలోకి చూడండి. తర్వాత పెట్రోలు రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో వంచి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా మార్చేయండి. ఆ గొట్టం కింద వేడెక్కేది మెగ్నీషియం మిశ్రమంతో పోతపోసిన ఇంజన్ కేసు, అది అంటుకుంటే నీళ్ళు పోసినకొద్దీ మండుతుంది.