మైనం కరిగింది, ఇంగువ మిగిలింది

ప్రతి ఇంటికీ ఒక వాసన ఉంటుంది. అది ఊరందరికీ తెలుసు, ఒక్క ఆ ఇంటివాళ్ళకి తప్ప. ఎదుటివాళ్ళింట్లో కాలు పెట్టగానే "నిన్న వీళ్ళు చేపలు వండారు", "వీళ్ళ తాతగారికి అమృతాంజనం లేనిదే నిద్రపట్టదు" అని జాతకం చెప్పేసే మన ముక్కు, సొంత గుమ్మం దాటగానే మౌనవ్రతం పడుతుంది. దాని తప్పేం లేదు. కొత్త వాసన తగిలితే మెదడుకి కబురు పంపుతుంది. అదే వాసన కాసేపు అక్కడే తచ్చాడితే, ప్రభుత్వాఫీసు గుమ్మం దగ్గర బంట్రోతులా ఇక తలెత్తి చూడదు. తెలిసిన మొహానికి రోజూ హాజరు వేయడం దండగని దాని లెక్క.

ఈ సంగతి నాకు టెక్సాస్‌లో బోధపడింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు మా అబ్బాయి. అక్కడ గోంగూర దొరుకుతుంది, కరివేపాకు దొరుకుతుంది, సంక్రాంతికి ముగ్గులపోటీ కూడా దొరుకుతుంది. దొరకనిది గాలి. కిటికీలున్నాయిగానీ తెరవరు. ఎండాకాలం ఏసీ, చలికాలం హీటరు. వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉండదు. "ఓపెన్ కాన్సెప్ట్, మావయ్యగారూ" అంది మా కోడలు. ఆ కాన్సెప్టు పుణ్యమా అని పొద్దున వేసిన ఇంగువ పోపు మధ్యాహ్నం సోఫాలో మా పక్కనే కూర్చుని టీవీ చూస్తుంది, రాత్రి పడగ్గదిలోకి మాకంటే ముందే వెళ్ళిపోతుంది.

మా కోడలి భయమల్లా తన ఉన్నికోటు గురించి. దానికి ఉల్లిపాయ వేపుడు వాసన పట్టిందంటే, ఆఫీసు లిఫ్టులో తనకంటే ముందు అది అందరికీ గుడ్ మార్నింగ్ చెబుతుందని. అందుకని హాల్లో ఓ మూల వాక్స్ వార్మర్ ప్రతిష్ఠించింది. పింగాణీ గూడు, దానిమీద అరచేతిలో ఇమిడే గిన్నె, లోపల 25 వాట్ల బల్బు. మైనం ముక్కలు ఆరు గళ్ళ ప్లాస్టిక్ డబ్బాలో వస్తాయి. ఒకటి విరిచి గిన్నెలో వేసి స్విచ్ నొక్కాలి. మొదట అడుగున తడి తేలుతుంది, తర్వాత మూలలు గుండ్రబడతాయి, ఆపైన ముక్క కుదురు తప్పి మెల్లగా పక్కకి ఒరుగుతుంది. కాసేపటికి గిన్నెలో తేటనూనె, ఇంట్లో వనిలా ఐస్‌క్రీమ్ బండి. సోయా మైనమైతే 50 డిగ్రీల సెంటిగ్రేడుకి అటూ ఇటూగా కరిగిపోతుంది. ఒత్తి లేదు, మంట లేదు, పొగ లేదు.

ఇందులో పరిమళ తైలం మామూలుగా 6 నుంచి 10 శాతమే, తక్కినదంతా మైనం. వేడికి తైలం ఎగిరిపోతుంది, మైనం ఎక్కడికీ పోదు. వాసన పూర్తిగా చచ్చాక కూడా గిన్నె నిండుగానే ఉంటుంది.

"ఏమండీ, పిల్లలు అక్షయపాత్ర కొన్నారు" అంది మా ఆవిడ.

"అందులో ఇంకేం లేదత్తయ్యా, పారేయాలి" అంటూ కోడలు వేడి మైనంలో దూదివుండలు వేసి, పీల్చుకున్నాక వాటిని చెత్తబుట్టలో పడేసింది. వేసింది వేసినట్టే ఉన్న సరుకుని పారేసి, అలాంటిదే ఇంకోటి వేయడం చూసి మా ఆవిడ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఆ డబ్బాల మీద పేర్లు చూడాలి. సముద్రపు గాలి, వానవెలసిన తోట, ఆరిన దుప్పటి. ఆఖరిదాని దగ్గర నేను ఆగిపోయాను. ఎండలో ఆరేసిన దుప్పటి వాసనట! పెరట్లో తీగ కట్టి దుప్పటి ఆరేస్తే సరిపోతుంది కదా అన్నాను. అక్కడి చాలా కాలనీల సంఘాలు బట్టలు బయట ఆరేయనివ్వవట, వీధి అందం చెడుతుందని. అందుకని దుప్పటిని డ్రయ్యరులో తిప్పి, ఎండ వాసన కొట్లో కొని, బల్బు మీద కరిగిస్తారు. ఆ బల్బు బాగోతం కూడా తక్కువేం కాదు. పాతకాలపు తీగ బల్బు తాగే కరెంటులో పదో వంతు కూడా వెలుతురుగా మారదు, దాదాపు అంతా వేడే. అందుకే 2023లో అమెరికా ప్రభుత్వం మామూలు తీగ బల్బులకి ఉద్వాసన చెప్పింది. దీపంగా పనికిరాదని తోసేసిన బల్బు ఇక్కడ పొయ్యిగా ఉద్యోగం సంపాదించుకుంది. మా అబ్బాయి స్నేహితుడొకడు కరెంటు ఆదా అవుతుందని తన వార్మరులో ఎల్ఈడీ బిగించాడు. ఇల్లంతా వెలిగింది, మైనం మాత్రం చెక్కుచెదరలేదు. "సరుకు నాసిరకం" అని కంపెనీవాళ్ళకి ఉత్తరం కూడా రాశాడు.

ఇదంతా అమెరికావాళ్ళ సోకు అనుకుంటే పొరపాటు. ఈజిప్టు సమాధుల గోడబొమ్మల్లో ఆడా మగా నెత్తిమీద శంకువులు పెట్టుకుని విందుల్లో కూర్చుంటారు. అవి పరిమళం కలిపిన మైనమో కొవ్వో అయ్యుంటాయని, ఒంటివేడికి కరిగి జుట్టులోకి దిగేవని కొందరు, అబ్బే అదంతా చిత్రకారుడి కల్పనని కొందరు చాలాకాలం వాదించుకున్నారు. చివరికి అమర్నా శ్మశానంలో నెత్తిన శంకువులతో ఉన్న అస్థిపంజరాలే దొరికాయి. 2019లో వాటి పరీక్ష ఫలితాలు బయటపెట్టారు. మైనం తేలింది, పరిమళం జాడ తేలలేదు. మూడువేల మూడువందల ఏళ్ళ తర్వాత కూడా వాసన పోయి మైనం మిగిలిందన్నమాట. మా కోడలైతే దూదివుండ తీసుకుని బయల్దేరేది.

అసలు కథ శుక్రవారం వచ్చింది. మా ఆవిడ పెట్టెలో దాచి తెచ్చిన సాంబ్రాణి బయటికి తీసి, ఇండియన్ స్టోరులో కొన్న బొగ్గుబిళ్ళ అంటించి, దానిమీద చిటికెడు వేసింది. సాంబ్రాణి ముందు మెత్తబడింది, బుడగలొచ్చాయి, తర్వాత తెల్లటి పొగ లేచింది. ఆ పొగ దేవుడి పటం దాకా వెళ్ళలేదు, సీలింగు మీది అలారం దగ్గరే ఆగింది. ఆ ఇంట్లో అలారాలన్నీ ఒక తల్లి బిడ్డలు. ఒకటి అరిస్తే మేడమీదవి కూడా అందుకుంటాయి. మా అబ్బాయి కుర్చీ ఎక్కి మీటలు నొక్కుతుంటే, కోడలు కిందనుంచి తువ్వాలు విసురుతుంటే, మా ఆవిడ మాత్రం తొణకకుండా హారతి పూర్తిచేసింది. గంట కొట్టే పని తప్పిందంది.

అత్తాకోడళ్ళ మధ్య ఆ రోజు నేను రసాయనశాస్త్రంతో రాయబారం నడిపాను. సాంబ్రాణి అంటే స్టైరాక్స్ చెట్ల బంక. సుమత్రాలో, లావోస్‌లో చెట్టుకి గాటుపెట్టి తీస్తారు. లావోస్ వైపు దొరికే సయాం సాంబ్రాణిలో వనిలిన్ ఉంటుంది. వనిలా కాయకి ఆ కమ్మదనం ఇచ్చేదీ ఆ వనిలినే. 1874లో జర్మనీలో దాన్ని కృత్రిమంగా తయారుచేయడం నేర్చాక అది కేకుల్లోకి, అత్తర్లలోకి, మైనం ముక్కల్లోకి ఎక్కేసింది. "కాబట్టి మీ ఇద్దరూ వేస్తున్నది ఒకే గోత్రం ధూపం" అని తీర్పు చెప్పాను. తీర్పు విని మా ఆవిడ సాంబ్రాణి గడ్డ తీసుకెళ్ళి వార్మరు గిన్నెలో వేసింది. బల్బు వేడికి పొగ లేవలేదు, గడ్డ మెత్తబడి గిన్నెని కరుచుకుంది. దాన్ని చెంచాతో గీకుతూ కోడలు గోత్రాల గురించి నాతో ఏమీ మాట్లాడలేదు.

పొగ లేదు కనక మైనం మడికట్టుకుందనుకోవడానికీ లేదు. అందులోంచి వెలువడే టెర్పీన్లనే పరిమళ పదార్థాలు ఇంట్లోని ఓజోన్‌తో కలిసి కంటికి ఆనని నానో రేణువులు తయారుచేస్తాయని 2025లో పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. అలారానికి అందకపోయినా ఊపిరితిత్తులకి అందుతాయి. అది చదివి వినిపించాక మా అబ్బాయి రెండు కిటికీలు బార్లా తీశాడు. చలికి పది నిమిషాల్లో మళ్ళీ మూసేశాడు.

ఇంతకీ ఈ ధూపమంతా ఎవరి ముక్కు కోసం? ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు 1990ల్లో దుర్వాసనని పట్టి బంధించే ఫెబ్రీజ్ అనే స్ప్రే తెచ్చారు. సరుకు అమోఘం, గిరాకీ శూన్యం. కంపుకొట్టే ఇళ్ళవాళ్ళకి తమ ఇల్లు కంపుకొడుతోందనే తెలియదు. పిల్లుల మధ్య బతికేవాళ్ళకి పిల్లి వాసన ఎక్కడిది? చివరికి దాన్లో పరిమళం దట్టించి, ఇల్లు శుభ్రం చేశాక ఆఖర్న ఓసారి కొట్టుకోండి అన్నారు. అప్పుడు ఎగబడి కొన్నారు.

సంక్రాంతి విందుకి నాలుగు తెలుగు కుటుంబాలు వచ్చాయి. తలా ఒక ట్రే తెచ్చారు, ప్రతి ట్రేలోనూ పోపు ఉంది. గుమ్మంలోనే అందరూ ఒకే మాట: "అబ్బ, వనిలా ఘుమఘుమలాడిపోతోందండీ!" ఇంగువ మాట ఎత్తినవాళ్ళు లేరు. ఎత్తరు కూడా. అందరూ పోపు ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళే, వాళ్ళ ముక్కులకి ఇంగువ లేనట్టే లెక్క. పది నిమిషాలు కూర్చునేసరికి వనిలా ఊసు కూడా ఆగిపోయింది.

"అయితే ఆ గిన్నె పనిచేసేది గుమ్మంలో పది నిమిషాలేగా? హాల్లో ఎందుకు, అక్కడే పెట్టు" అంది మా ఆవిడ.

కోడలికి ఆ మాట నచ్చింది. వార్మరు వీధి తలుపు పక్కకి మారింది. ఆ పక్కనే కోట్లు తగిలించే అల్మరా. వారం తిరక్కుండా ఆఫీసులో తోటి ఉద్యోగిని ఒకావిడ లిఫ్టులో మా కోడల్ని ఆపి, ఉల్లిపాయా వనిలా కలిపి చేసే ఆ కేకు ఏ బేకరీలో దొరుకుతుందని అడిగిందట. ఇంటికి రాగానే కోడలు కోటు విప్పి, చేతులు, కాలరు, అస్తరు అన్నీ వాసన చూసింది.

"నాకేం రావట్లేదే! మీకేమైనా వస్తోందా, మావయ్యగారూ?"

అందరం తలా ఓసారి వాసన చూశాం. ఎవరికీ ఏమీ రాలేదు.